సిటీ అంచున మన ఊరు: జనం పెరిగే ముందు, పెరిగాక తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామసభల్లో, మండల ఆఫీసు వరండాల్లో, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయాక ఇంట్లో కూర్చుని అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు. నియమాలు తెలంగాణవి. లెక్కలు మాత్రం ఏ పెద్ద నగరం అంచునైనా పనికొస్తాయి.

## లెక్క వేసుకునే దశ

మా ఊరు ఔటర్‌కు ఇంకా పది కిలోమీటర్లు అవతల ఉంది. అంతదూరం సిటీ వస్తదా?

సిటీ మధ్యలో జనం పెరగడం ఎప్పుడో నెమ్మదించింది. 2001 నుంచి 2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా 5 శాతం కూడా పెరగలేదు. దాన్ని చుట్టుకుని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా అదే పదేళ్లలో 48 శాతం పెరిగింది. ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయింది. 2025లో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని సుమారు 7,257 నుంచి 10,472 చదరపు కిలోమీటర్లకు, అంటే ఔటర్‌కు అవతల రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు.

ఎన్ని కిలోమీటర్లున్నాయన్నది కాదు, ఔటర్ ఎక్కి దిగే ఇంటర్‌చేంజ్ నుంచి మీ ఊరికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. ముందుగా వచ్చేవి ఇళ్లు కావు. హద్దు రాళ్లు, కడీలు, వెంచర్ పేరుతో ఒక ఆర్చి వస్తాయి. ఆర్చి లేచాక ఇళ్లలో దీపాలు వెలగడానికి చాలాచోట్ల ఏళ్లు పడుతుంది. ఊరికి ప్లాన్ వేసుకోవడానికి దొరికే సమయం అదే. రోడ్డుకో బడికో స్థలం కావాలంటే అప్పుడే చవక. ప్లాట్లు అమ్ముడయ్యాక అదే స్థలం డబ్బు పెట్టినా దొరకదు.

2011 తర్వాత జనగణన జరగలేదు. ఇప్పుడు ఊళ్లో ఎంతమంది ఉన్నరో ఎట్ల తెలుసుకోవాలె?

రాబోయే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. అప్పటిదాకా ఆగకుండా కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. ఊళ్లో ఇళ్ల కనెక్షన్లు ఎన్నో విద్యుత్ సెక్షన్ ఆఫీసులో తెలుస్తుంది. వాటిలో నెలనెలా మినిమం బిల్లే వచ్చేవి తాళం వేసిన ఇళ్లు, వాటిని తీసేయండి. మిగిలినవాటిని నాలుగుతో గుణించండి. ఒకే మీటరు మీద నాలుగైదు అద్దె గదులుంటే వాటిని విడిగా కలపాలి. ఫ్యాక్టరీల వెనుక రేకుల షెడ్లలో ఉండే కార్మికులను మేస్త్రీలను అడిగి కలపాలి. ఓటరు జాబితాను నమ్ముకోవద్దు. అద్దెకు వచ్చినవాళ్ల ఓటు సొంతూళ్లోనే ఉంటుంది, కానీ నీళ్లు మాత్రం ఇక్కడే తాగుతారు.

మూడేళ్ల కిందటి సంఖ్య కూడా తీసుకుంటే వేగం తెలుస్తుంది. 620 మీటర్లు మూడేళ్లలో 780 అయ్యాయంటే ఏడాదికి 8 శాతం. 72ను ఆ రేటుతో భాగిస్తే 9. అంటే తొమ్మిదేళ్లలో ఊరు రెట్టింపవుతుంది. ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో గృహప్రవేశాలు మొదలైతే ఈ లెక్క తలకిందులవుతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాలి.

వంద ఎకరాల వెంచర్ నిండితే ఎంతమంది వస్తరు?

ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లకు 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం పోతే మిగిలేది దాదాపు 2,900 గజాలు. అందులో 200 గజాల ప్లాట్లు 14 పడతాయి. వంద ఎకరాలకు 1,400 ప్లాట్లు.

తర్వాత వేసే అంచనాలోనే అందరూ తప్పుతారు. ప్లాటుకు ఒక కుటుంబం అనుకుంటే 5,600 మంది. కానీ కొన్నవాళ్లు కింద తాము ఉండి పై రెండు అంతస్తులు అద్దెకిస్తారు. మూడు కుటుంబాల చొప్పున 16,800 మంది అవుతారు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 22 లక్షల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు 450. వాడిన నీటిలో 80 శాతం మురుగవుతుంది, అంటే 18 లక్షల లీటర్లు. తలకు 400 గ్రాముల చొప్పున చెత్త రోజుకు ఆరున్నర టన్నులు దాటుతుంది. రెండు వేల మంది ఉన్న ఊరి పక్కన ఈ వెంచర్ వచ్చిందంటే ఊరు పెరిగినట్టు కాదు, ఊరి పక్కన ఒక పట్టణం దిగినట్టు.

బడికి, దవాఖానాకు ఎంత స్థలం ఆపుకోవాలె?

కేంద్రం పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు 5,000 మందికి ఒక ప్రాథమిక పాఠశాల ఉండాలంటాయి. విద్యాహక్కు నిబంధనల ప్రకారం అది కిలోమీటరు లోపు ఉండాలి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. స్థలాన్ని గుర్తించి ఊరుకుంటే చాలదు. ప్రభుత్వ భూమి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు తీర్మానంలో రాసి, తహసీల్దార్‌తో సర్వే చేయించి, కడీలు నాటించాలి. కాగితం మీదే ఉన్న బడి స్థలం ఒక్క ఎండాకాలంలో గుడిసెలతోనో షెడ్లతోనో నిండిపోతుంది.

## మ్యాపు చూసే దశ

మాస్టర్ ప్లాన్‌లో మా పొలం ఏ జోన్‌లో ఉందో ఎట్ల చూడాలె? అది ఎందుకంత ముఖ్యం?

హెచ్‌ఎండీఏ విస్తృత ప్రాంతానికి 2013 జనవరిలో ఆమోదించిన 2031 ప్లాన్ ఉంది. అందులో నివాస, పెరి అర్బన్ (నగరం అంచు), కన్జర్వేషన్ (సాగుకూ పచ్చదనానికీ ఉంచినది), తయారీ వంటి జోన్లుంటాయి. సర్వే నంబరుతో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తే మీ భూమి దేనిలో పడిందో రాతపూర్వకంగా ఇస్తారు. ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసి చూసి నిర్ణయించుకోకండి. గీత ఒక మిల్లీమీటరు జరిగితే నేల మీద అది ఎన్నో గజాలు.

కన్జర్వేషన్ జోన్ భూమికి నాలా కన్వర్షన్ చేయించుకుని, ఇక ఇళ్లు కట్టుకోవచ్చని అనుకునేవాళ్లు చాలామంది. కన్వర్షన్‌తో రెవెన్యూ రికార్డులో అది వ్యవసాయేతర భూమి అవుతుంది. జోన్ మాత్రం అదే ఉంటుంది. జోన్ మారాలంటే ప్రభుత్వం నుంచి ల్యాండ్ యూజ్ మార్పు ఉత్తర్వు వేరుగా రావాలి.

ప్లాన్‌లో చూపిన రోడ్డు మీ పొలం మీదుగా పోతుందేమో అదే సర్టిఫికెట్‌లో చూడండి. వంద అడుగుల రోడ్డు గీత పడితే, లేఅవుట్‌కు పోయినప్పుడు ఆ మేర స్థలం వదలాలి.

మా ఊరు 111 జీవో కింద ఉండె. అది ఎత్తేసిన్రంటున్నరు, ఇక కట్టుకోవచ్చా?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, ఆ జలాశయాల రక్షణకు కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996 మార్చి 8న ఆ జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆంక్షలను సడలించింది. కానీ ఆ గ్రామాల్లో చాలా భూమి 2031 ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌గా ఉంది. ఆంక్ష సడలినంత మాత్రాన జోన్ మారదు. "జీవో పోయింది" అని అమ్మేవాళ్లు చెప్పే మాటను ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌తో సరిచూసుకున్నాకే బయానా ఇవ్వండి.

చెరువు ఎండే ఉంది, పట్టా కూడా ఉంది. అయినా ఎందుకు కట్టనియ్యరు?

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు పారేటప్పుడు నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో ఆ గీత. ఎండాకాలంలో కనిపించే నీటి అంచుకు దానితో సంబంధం లేదు. ఎఫ్‌టీఎల్ లోపల శిఖం (చెరువు ముంపు భూమి) పట్టాలు ఉంటాయి. నీళ్లు దిగాక సాగు చేసుకోవచ్చు గానీ కట్టడానికి వీల్లేదు.

2012 నాటి 168వ జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. ఇలా వదిలే స్థలమే బఫర్. చిన్న కుంటకు 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు. చెరువులవారీ మ్యాపులు హెచ్‌ఎండీఏ సైట్‌లో ఉన్నాయి. వాటిలో ప్రాథమిక నోటిఫికేషన్ అయినవీ తుది నోటిఫికేషన్ అయినవీ వేర్వేరు కాబట్టి ఏది అయిందో చూడండి. ప్రాథమికం దగ్గరే ఆగినచోట గీత మారే అవకాశం ఉంది.

## వెంచర్ వచ్చిన దశ

'పంచాయతీ లేఅవుట్' అని అమ్ముతున్నరు. చెల్లుతదా?

చెల్లదు. గ్రామ పంచాయతీ చిన్న ఇళ్లకు అనుమతి ఇవ్వగలదు గానీ లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం) సాంకేతిక అనుమతి ఉండాలి. సర్పంచ్ సంతకం, గుండ్రటి ముద్ర ఉన్న నీలం కాగితం లేఅవుట్ కాదు. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020 ఆగస్టు 26 నుంచి ఆపింది.

అనుమతి ఉన్నచోట కూడా రెండు మెట్లుంటాయి. డ్రాఫ్ట్ అనుమతి వచ్చినప్పుడు 15 శాతం ప్లాట్లను అథారిటీకి తనఖా పెట్టాలి. రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తయి తుది అనుమతి వచ్చాకే వాటిని విడిపిస్తారు. మీరు కొనే ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో లేఅవుట్ అనుమతి (ఎల్‌పీ) నంబరుతో సరిచూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

వెంచర్ ఫైలు వచ్చినప్పుడు పంచాయతీ ఏం చూడాలె?

ముందు నక్ష (ఊరి మ్యాపు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల కాగితం) పక్కన పెట్టుకుని భూమి మీద తిరగండి. పాత బండ్లబాట, చెరువు కాలువ, శ్మశానం దారి నక్షలో ఉండి లేఅవుట్‌లో మాయమయ్యాయా చూడండి. ఇది ఆఫీసులో కూర్చుంటే దొరకదు.

రెండోది, పార్కులూ రోడ్లూ స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయ్యాయా చూడాలి. లేఅవుట్ మ్యాపులో ఆకుపచ్చ రంగు వేస్తే పార్కు పంచాయతీది అయిపోదు. గిఫ్ట్ డీడ్ లేని పార్కు కొన్నేళ్లకు కొత్త ప్లాటు నంబర్లతో అమ్మకానికి వస్తుంది. డీడ్ నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లో అదే వారం ఎక్కించండి.

మూడోది, ఖాళీ స్థలం ఎక్కడిచ్చారు? హైటెన్షన్ లైన్ కింద, నాలా బఫర్‌లో, మూలకు మిగిలిన త్రికోణంలో ఇస్తారు. కొలతకు 10 శాతం సరిపోతుంది, కానీ అక్కడ అంగన్‌వాడీ కూడా కట్టలేరు. అభ్యంతరం ఉంటే అప్పుడే రాతపూర్వకంగా తెలపాలి.

పక్కపక్క వెంచర్లే. మా కాలనీ నుంచి వాళ్ల కాలనీకి రోడ్డెందుకు లేదు?

ఒక్కో వెంచర్ ఒక్కో రైతు కుటుంబం భూమి, ఒక్కో సర్వే నంబరు. ఎవరి లేఅవుట్ వాళ్ల గెట్టు దగ్గర ఆగిపోతుంది. ఇటు 40 అడుగుల రోడ్డు గెట్టును తాకేచోట అటు ప్లాటు నంబరు 37 ఉంటుంది, మధ్యలో కాంపౌండ్ గోడ. ఇలాంటివి పది చేరితే ప్రతి కాలనీకీ ఊరి మెయిన్ రోడ్డు ఒక్కటే దిక్కు. బడి బస్సు, ఫైరింజన్, నీళ్ల ట్యాంకర్ అన్నీ అక్కడే ఇరుక్కుంటాయి.

మందు ఒకటే. మొదటి వెంచర్ కన్నా ముందు ఊరి నక్ష మీద పెద్ద రోడ్ల గీతలు గీసి, గ్రామసభలో తీర్మానించి, హెచ్‌ఎండీఏకు పంపి, వచ్చే ప్రతి ఫైలుకూ ఆ మ్యాపు జతచేయడం. తీర్మానానికి మాస్టర్ ప్లాన్ బలం ఉండదు, నిజమే. కానీ లేఅవుట్ పరిశీలించే అధికారి చేతిలో ఆ మ్యాపు లేకపోతే పక్క వెంచర్ రోడ్డు సంగతి అడిగే నాథుడే ఉండడు.

ఎల్‌ఆర్‌ఎస్ కట్టినం. ఇక పార్కు, రోడ్లు వస్తయా?

ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. అది మీ ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, కాలనీని కాదు. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం లేనందుకు ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేస్తారు. 10 లక్షల విలువకు లక్షా నలభై వేలు. ఆ డబ్బుతో మీ కాలనీలోనే పార్కు రావాలంటే అక్కడ స్థలం మిగిలి ఉండాలి. ఉండదు. అందుకే సామూహికంగా ఒకటి రెండు ఖాళీ ప్లాట్లు కొని పంచాయతీకి రాసిచ్చిన కాలనీలకే నీళ్ల ట్యాంకుకు చోటు దొరుకుతుంది. ఎఫ్‌టీఎల్, బఫర్, ప్రభుత్వ భూముల్లోని ప్లాట్లకు ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదు.

ఫామ్ ప్లాట్లు అంటే ఏమిటి? ఊరికి నష్టమా?

పొలాన్ని రెండు మూడు గుంటల ముక్కలు చేసి, లేఅవుట్ అనుమతి తప్పించుకోవడానికి 'ఫామ్' అని పేరు పెట్టి అమ్మడం. 20 గుంటలకు తక్కువ ముక్కలుగా ఇలా అమ్మడానికి వీల్లేదు. ఊరికి నష్టం ఏమిటంటే, అక్కడ రోడ్డుగానీ ఖాళీ స్థలంగానీ ఎవరికీ అప్పగించరు, అయినా ఇళ్లు మాత్రం లేస్తాయి.

## నీళ్లు, మురుగు, చెత్త

ఊరికి భగీరథ నీళ్లు వస్తున్నయి. కొత్త కాలనీకి ఎందుకు ఎక్కవు?

మిషన్ భగీరథలో గ్రామాలకు మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క. రెండు వేల మందికి రెండు లక్షల లీటర్లు. ట్యాంకు, పైపుల సైజు ఆ లెక్కకే. కాలనీవాళ్లు చివరి వీధి పైపుకు కలుపుకుంటే ముందు కాలనీకి నీళ్లు రావు, తర్వాత ఊళ్లోని చివరి ఇళ్లకూ ఆగిపోతాయి. మోటార్లు బిగించి లాగితే, పక్కన పగిలిన చోట మోరీ నీళ్లు పైపులోకి వస్తాయి. కాలనీకి దాని ఎత్తుకు తగ్గ వేరే ట్యాంకు, దానికి నేరుగా ఒక ఫీడర్ పైపు ఉండాలి. ట్యాంకుకు కనీసం నాలుగైదు గుంటలు ఎత్తైన చోట లేఅవుట్ దశలోనే తీసుకోండి.

ఇంటికో సెప్టిక్ ట్యాంక్ ఉంది కదా, డ్రైనేజీ దేనికి?

200 గజాల ప్లాటు 30×60 అడుగులు. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ కనీసం 50 అడుగుల దూరం కావాలి. మీ ప్లాటులో ఎలాగో సర్దినా పక్కవాళ్ల సంగతి చూడండి. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో వేస్తారు. తూర్పు ముఖం ఇంటి వాయవ్యం మూల, వెనుకవైపు పడమర ముఖం ఇంటి ఈశాన్యం మూలకు సరిగ్గా ఆనుకుని ఉంటుంది. అంటే మీ ట్యాంకు వాళ్ల బోరు పక్కనే. వీధి మొత్తం ఇదే వరస.

పైగా ఒక కుటుంబానికి కట్టిన ట్యాంకును మూడు కుటుంబాలు వాడతాయి. మడ్డి అడుగున తేరుకునే వ్యవధి ఉండదు, బయటికి పోయేది సగం శుద్ధయిన నీరు కాదు, మురుగే. మోరీలో పడి చెరువుకు చేరుతుంది, గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. మూడేళ్లకోసారైనా తోడించాలి. అది కూడా ఎక్కడ పోస్తున్నారో అడగాలి. ట్యాంకర్ డ్రైవర్‌కు దగ్గరి నాలాయే సులువు. ఊరికి పల్లంగా ఉన్న చోట శుద్ధి ప్లాంటుకు ఒక ఎకరం ఇప్పుడే పక్కన పెట్టడం, వీధి రోడ్లు వేయకముందే పైపులు పరచడం రెండూ చేయాలి. సీసీ రోడ్డు వేసి, ఆరు నెలలకు దాన్నే పగలగొట్టే పని మనకు బాగా అలవాటు.

వాన పడితే కాలనీ మునుగుతోంది. ఇంతకుముందు అక్కడ నీళ్లే నిలిచేవి కావు కదా?

పొలంగా ఉన్నప్పుడు గట్లు నీళ్లను ఆపి భూమిలోకి ఇంకించేవి. ఇప్పుడు కప్పులూ సీసీ రోడ్లూ. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే ఎకరం మీద రెండు లక్షల లీటర్లు, వంద ఎకరాల మీద రెండు కోట్లు. అందులో 70 శాతం పారినా సెకనుకు దాదాపు నాలుగు ఘనపు మీటర్లు. రెండడుగుల పైపు మీటరు వేగంతో తీసుకెళ్లేది పావు ఘనపు మీటరు పైచిలుకు. అంటే అలాంటి పైపులు 14 కావాలి. వెంచర్లలో వేసేది ఒకటి.

2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. అంచు ఊళ్లలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకు పోయే కాలువ ఒక్కచోట పూడినా, నీళ్లు పాత దారినే వెతుక్కుంటూ ఇళ్లలోంచి పోతాయి. వానాకాలానికి ముందు మే నెలలో అలుగు నుంచి కింది చెరువు దాకా నడిచి, ఇరుకైన ప్రతి చోటా ఫోటో తీసి ఇరిగేషన్ ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి.

చెత్తకు ట్రాక్టర్ ఉంది, సరిపోదా?

పల్లె ప్రగతిలో వచ్చిన ట్రాక్టర్ ఒక పల్లెకు సరిపోతుంది. రోజుకు ఆరేడు టన్నులంటే అది ఐదారు ట్రిప్పులు తిరగాలి. డంపింగ్ యార్డ్ చెరువు పైభాగంలో ఉంటే ముందు దాన్ని మార్చండి.

## మునిసిపాలిటీలో కలిసే దశ

కలిస్తే మాకు ఏం వస్తది, ఏం పోతది?

2024లో ఔటర్‌ను ఆనుకున్న 51 పంచాయతీలు మునిసిపాలిటీల్లో కలిశాయి. 2025 చివర్లో ఔటర్ చుట్టుపక్కల 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. కలిసిన ఊళ్లో గ్రామీణ ఉపాధి హామీ పని ఆగిపోతుంది. కూలి మీద బతికే ఇళ్లకు ఇది మొదటి దెబ్బ. సర్పంచ్, గ్రామసభ ఉండవు. ఇంటి పన్ను పెరుగుతుంది. ఇంజనీరింగ్, టౌన్ ప్లానింగ్ సిబ్బంది, పెద్ద పైప్‌లైన్లకు నిధులు వచ్చే అవకాశం పెరుగుతుంది, అయితే వరసలో నిలబడాలి.

కలిసే ముందు పంచాయతీ ఏం భద్రం చేయాలె?

గిఫ్ట్ డీడ్ల అసళ్లు, ఆస్తుల రిజిస్టర్, ఇచ్చిన ఇంటి అనుమతుల ఫైళ్లు, పైప్‌లైన్ వాల్వులు ఎక్కడున్నాయో మ్యాపు. చివరిది చాలా ఊళ్లలో కాగితం మీద ఉండదు, నీళ్లు వదిలే వాటర్‌మ్యాన్ తలలో ఉంటుంది. అతణ్ని వెంటబెట్టుకుని ఒక రోజు తిరిగి గీయించుకోండి. అన్నీ స్కాన్ చేసి, అప్పగించిన జాబితా మీద సంతకం తీసుకోండి.

## భూమి ఉన్నవాళ్లకు

ల్యాండ్ పూలింగ్‌కు ఇస్తే లాభమా, అమ్ముకుంటే లాభమా?

పూలింగ్ అంటే భూమి అప్పగించి, రోడ్లు వేశాక అందులో కొంత ప్లాట్లుగా తిరిగి తీసుకోవడం. లెక్క వేసుకోండి. అమరావతిలో 29 గ్రామాల రైతులకు ఎకరం మెట్టకు 1,000 గజాల నివాస, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు (నది ఒడ్డు సారవంతమైన) భూమికి వాణిజ్యం 450 గజాలు. 4,840 ఇచ్చి 1,250 తీసుకుంటున్నారంటే, తిరిగి వచ్చే గజం ధర ఇచ్చిన గజం ధరకు దాదాపు నాలుగు రెట్లు కావాలి, అప్పటికి సమానం. రోడ్లు ఆలస్యమైన ప్రతి ఏడూ ఆ సమానం వెనక్కి జరుగుతుంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకు టౌన్ ప్లానింగ్ స్కీములు వాడారు. అక్కడ రైతు కొంత భాగం వదిలి, మిగతాది వీలైనంత తన పాత చోటుకు దగ్గర్లోనే ప్లాటుగా పొందుతాడు.

ఒప్పందంలో మూడు చూడండి: ప్లాటు అప్పగించే తేదీ, అది దాటితే ఏటా ఎంత ఇస్తారు, లాటరీలో మీ ప్లాటు ఏ జోన్‌లో పడొచ్చు.

భూమి లేని కౌలుదారు, కూలీ సంగతేంటి?

పూలింగ్‌లో ప్లాటు పట్టాదారుకే వస్తుంది. అమరావతిలో భూమిలేని కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పెన్షన్ పెట్టారు. వెంచర్లలో అది కూడా ఉండదు. పంచాయతీ చేయగలిగింది, జాబితా ముందే తయారుచేయడం: ఎవరు ఏ సర్వే నంబర్‌లో కౌలు చేస్తున్నారు, ఎన్ని పశువులు, ఏ బీడు మీద మేపుతున్నారు. భూసేకరణ లేదా పూలింగ్ సర్వే బృందం వచ్చే నాటికి ఆ జాబితా గ్రామసభ తీర్మానంతో ఉండాలి. ఆ తర్వాత రాసిన పేర్లను ఆఫీసులో అనుమానంగానే చూస్తారు.